ఎవరి ఆఫీసు? అదాలత్ గడప మీద దళిత జూనియర్లు

హన్మకొండలో అదాలత్ అంటే బస్సు స్టేజీ పేరు. కోర్టు పని లేనోళ్ళు కూడా అక్కడ దిగుతారు, అక్కడ ఎక్కుతారు. నిజాం కాలపు ఉర్దూ మాట అది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరి నోట్లోంచి ఆ మాట పోలేదు. 2021 డిసెంబర్‌లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఇక్కడ కొత్త కోర్టు భవనాలను ప్రారంభించారు. గోడలు కొత్తవయ్యాయి. నల్లకోటు కుట్టించుకుని మొదటిసారి లోపలికి పోయే పిల్లగాడికి ఎదురయ్యే ప్రశ్న మాత్రం పాతదే. 'ఎవరి ఆఫీసు?'

ఏ సీనియర్ దగ్గర జూనియర్‌వి అని దీని అర్థం. జవాబు ఉన్నవాడికి ఇది పలకరింపు. లేనివాడికి విచారణ. దాని వెనకనే మిగతావి వస్తాయి. ఊరేది? ఇంటిపేరేంది? మీ నాయిన ఏం చేస్తడు? ఈ మూడింటికి జవాబు చెప్పినంక నాలుగోది అడగాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

దళితులు, కోర్టులు అనగానే మన సభల్లో అట్రాసిటీ కేసుల గురించే మాట్లాడుకుంటాం. అది తప్పనిసరే. కానీ కోర్టులో ఇంకో వరండా కూడా ఉంది. ప్రామిసరీ నోట్లు, చెక్కు కేసులు, చిట్టీ కంపెనీల దావాలు, బ్యాంకు రికవరీలు, భాగస్తుల తగాదాలు, కాంట్రాక్టు బిల్లులు, బీమా క్లెయిములు నడిచే వరండా. ఫీజు ఉన్నది అక్కడ. వకీలుగా నిలదొక్కుకోవడానికి కావలసిన మొదటి నాలుగైదేళ్ళ తిండి అక్కడిదే. ఆ వరండాలో మనవాళ్ళు ఎందుకు ఇంత పలచగా ఉన్నారు? తెలివి చాలక అనే జవాబును మేము లెక్కలోకి తీసుకోవడం లేదు. వాణిజ్య న్యాయం పుస్తకంలో కొంత, ఆఫీసులో ఎక్కువ నేర్చుకునే విద్య. సీనియర్ ఎదురుగా కూర్చుని, పార్టీ చెప్పే మాట వింటూ, కాగితం రాస్తూ, కొట్టేయించుకుంటూ నేర్చుకోవాలి. ఆ కూర్చునే చోటు ఒక ఆస్తిలాగా తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి అల్లుడికి, కులం లోపలే చేతులు మారుతూ వచ్చింది. ఆ చోటు చరిత్రే ఈ వ్యాసం. దాని కోసం దరఖాస్తు పెట్టుకోబోయే విద్యార్థులతో చివర్లో నాలుగు మాటలు కూడా చెప్పదలిచాం.

భగేలా కాగితం

మాల మాదిగ వాడలకు కాంట్రాక్టు అనే మాట కొత్తది కావచ్చు, ఆ వస్తువు మాత్రం పాతది. హైదరాబాద్ రాజ్యంలో భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్ళికో చావుకో దొర దగ్గర తెచ్చుకున్న అప్పు కింద మనిషి జీతగాడిగా కుదిరేవాడు. అప్పు తీరేది కాదు, మిత్తి పెరిగేది. తండ్రి పోతే కొడుకు ఆ బాకీ కిందికి వచ్చేవాడు. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తెచ్చిందంటే ఆ ఒప్పందాల పట్టు ఎంతటిదో ఊహించుకోవచ్చు. రెగ్యులేషన్ వచ్చింది గానీ పద్ధతి పోలేదు. దేశం మొత్తానికి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. మన వాడలకు మొదట పరిచయమైన కాంట్రాక్టు చట్టం ఇది. రాసినోడు ఒకడు, చదివినోడు ఒకడు, వేలిముద్ర వేసినోడు ఇంకొకడు.

మరి ఆ కాలంలో వకీలు ఎవరు? నిజాం ఇలాకాలో కోర్టు భాష 1880లలో ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. తెలుగు పల్లెలో పుట్టినవాడు ఉర్దూ చదివి, వకాలత్ పరీక్ష రాసి, సనదు తెచ్చుకోవాలంటే ఇంట్లో పట్వారీతనమో, భూమో, కనీసం పట్నంలో ఒక చుట్టమో ఉండాలి. తెలంగాణలో ఆంధ్రోద్యమం నడిపిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి లాంటివాళ్ళు న్యాయవిద్య చదివినవాళ్ళే కావడం యాదృచ్ఛికం కాదు. చదువుకున్న మధ్యతరగతి అంటే ఇక్కడ మొదట వకీళ్ళే. ఆ ఉద్యమమే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ పెట్టుకున్నప్పుడు, భాగ్యరెడ్డి వర్మ మాట్లాడబోతే కొందరు సనాతనులు అభ్యంతరం పెట్టారు. ఆదిహిందూ ఉద్యమాన్ని నిలబెట్టిన ఆ భాగ్యరెడ్డి వర్మ చిన్నతనంలో ఒక బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరిన మనిషి. బారిస్టర్ గడప లోపల మాల పిల్లవాడికి ఆ రోజుల్లో దొరికిన చోటు అదీ.

బ్రీఫ్ రాని బారిస్టర్

మన ఇళ్ళల్లో అంబేడ్కర్ పటం నీలం కోటుతో ఉంటుంది. ఆ కోటు వెనక ఉన్న వకీలు కష్టం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కొలంబియా డాక్టరేటు, లండన్ డి.ఎస్సి., గ్రేస్ ఇన్ బారిస్టర్ పట్టా. ఇన్ని ఉన్న మనిషి 1923లో బొంబాయి చేరి, హైకోర్టులో పేరు నమోదు చేయించుకోవడానికి చేతిలో డబ్బు లేక పార్శీ మిత్రుడు నావల్ భతేనా సాయం తీసుకున్నారు. నమోదు అయింది. కేసులు రాలేదు.

ఎందుకు రాలేదో కొంచెం వివరంగా చూడాలి. కులం ఎప్పుడూ మొఖం మీద తలుపు వేయదు. చాలాసార్లు పద్ధతి చాటున నిలబడి పని చేస్తుంది. బొంబాయి హైకోర్టులో ఒరిజినల్ సైడ్ అని ఒకటి ఉంది. నగరంలోని పెద్ద పెద్ద వ్యాపార తగాదాలు అక్కడ నడిచేవి. అక్కడ కక్షిదారు నేరుగా బారిస్టర్ దగ్గరికి పోవడానికి వీల్లేదు. ముందు సొలిసిటర్ దగ్గరికి పోవాలి. కాగితాలు తయారుచేసేది సొలిసిటర్, నిలబడి వాదించేది బారిస్టర్. ఏ బారిస్టర్‌కు బ్రీఫ్ పంపాలో తేల్చేది కూడా సొలిసిటరే. అంటే బారిస్టర్ పొట్ట సొలిసిటర్ చేతిలో ఉందన్నమాట. వ్యాపారుల కాగితాలు చూసే ఆ ఆఫీసులు అంటరాని బారిస్టర్‌కు బ్రీఫ్ పంపలేదు. ఏ చట్టమూ ఆయన్ను ఆపలేదు. సనదు చేతిలోనే ఉంది. బ్రీఫ్ రాలేదు, అంతే. ఆయన అప్పిలేట్ సైడ్‌లో, జిల్లాల కోర్టుల్లో చిన్నా చితకా కేసులు పట్టుకుని తిరిగారు.

ఇంతకూ సొలిసిటర్ కావడానికి దారి ఏమిటి? ఇంకో సొలిసిటర్ దగ్గర ఆర్టికల్డ్ క్లర్కుగా కొన్నేళ్ళు కుదరడం. ఇంగ్లండు నుంచి దిగిన పద్ధతి ఇది. అక్కడ ఈ కుదురుబాటుకు ఒప్పందం రాసుకునేవాళ్ళు. పిల్లవాడి తండ్రి ప్రీమియం పేరుతో సొలిసిటర్‌కు ఎదురు డబ్బు కట్టేవాడు. ఇప్పుడు అక్కడ దాని పేరు ట్రెయినింగ్ కాంట్రాక్ట్. రెండేళ్ళు, పైగా జీతం కూడా ఇస్తారు. 2021లో కొత్త పరీక్ష పెట్టి, ఆ కాంట్రాక్టు లేకుండానే వేరే చోట్ల చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకునే వీలు కల్పించారు. భగేలా కాగితాన్నీ ఆర్టికల్స్ కాగితాన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ మనిషిని కొన్నేళ్ళు ఇంకో మనిషి దగ్గర కట్టిపెట్టే ఒప్పందాలే. ఒకదాని చివర బాకీ మిగిలింది. ఇంకోదాని చివర ఆఫీసు మిగిలింది.

కేసులు రాని ఆ కాలంలో అంబేడ్కర్ ఎట్లా బతికారు? బొంబాయిలోని బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో 1925 జూన్ నుంచి 1928 మార్చి దాకా పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా పని చేశారు. చెప్పిన పాఠం మర్కంటైల్ లా. అంటే వ్యాపార చట్టం! బొంబాయి వ్యాపారులు కేసు ఇవ్వని మనిషి దగ్గర, రేపు అదే వ్యాపారుల లెక్కలు రాయబోయే పిల్లలు కూర్చుని వ్యాపార చట్టం నేర్చుకున్నారు. మనవాళ్ళకు కమర్షియల్ సైడ్ అబ్బదని ఇప్పటికీ బార్ గదుల్లో గొణిగేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చెప్తే చాలు. 1926లో పూనాలో 'దేశాచే దుష్మన్' పుస్తకం మీద నడిచిన కేసులో బ్రాహ్మణేతర నాయకుల తరఫున నిలబడి గెలిచాక ఆయనకు వకీలుగా పేరు వచ్చింది. అది కూడా ఉద్యమం తెచ్చిన కేసే. ఏ ఆఫీసూ పంపింది కాదు. ఒరిజినల్ సైడ్‌లోని ఆ జంట పద్ధతి 1976 చట్ట సవరణతో గానీ పోలేదు.

మన దగ్గర పేర్లు లేవా అంటే ఉన్నాయి. కర్నూలు జిల్లా పెదపాడు నుంచి వచ్చిన దామోదరం సంజీవయ్య 1950లో మద్రాసులో అడ్వకేటుగా నమోదై, పదేళ్ళు తిరగకముందే ముఖ్యమంత్రి అయ్యారు. కె. రామస్వామి 1962లో నమోదై 1989లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఈ పేర్లు చెప్పి దారి తెరుచుకుంది కదా అనేవాళ్ళు ఉంటారు. రాజకీయానికి ఒక దారి, బెంచీకి ఒక దారి తెరుచుకున్న మాట నిజం. వ్యాపార ఫైళ్ళతో ఒక ఆఫీసు కట్టి, దాన్ని తర్వాతి తరం జూనియర్లకు అప్పజెప్పిన దళిత వకీలు పేరు చెప్పమంటే మాత్రం మేమూ తడుముకుంటాం.

శిక్షణ ఎవరి బాధ్యత?

1961 అడ్వకేట్స్ చట్టం మొదట్లో లా డిగ్రీ తర్వాత శిక్షణ, పరీక్ష ఉండాలని 24వ సెక్షన్‌లో పెట్టింది. 1973 సవరణ ఆ నిబంధనను తీసేసింది. మళ్ళీ 1990లలో జస్టిస్ అహ్మదీ అధ్యక్షతన వేసిన కమిటీ అప్రెంటిస్‌షిప్ ఉండాలన్నది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో శిక్షణ నిబంధనలు చేసింది. నమోదుకు ముందు ఒక ఏడాది సీనియర్ దగ్గర శిక్షణ పొందాలని దాని సారాంశం. 1999 మార్చి 15న వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. చట్టం ఇవ్వని అధికారాన్ని బార్ కౌన్సిల్ వాడుకుందన్నది.

ఆ తీర్పు మనకు మంచి చేసిందా, చెడు చేసిందా? మా అభిప్రాయం సూటిగా చెప్తాం. సీనియర్ దొరికితేనే నమోదు అనే నిబంధన నిలిచి ఉంటే, పూర్వం బొంబాయి సొలిసిటర్ చేతిలో ఉన్న తాళంచెవి ప్రతి జిల్లా బార్‌లో పది మంది చేతికి వచ్చేది. కాబట్టి అది పోవడమే మేలు. అయితే దాంతోపాటు శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత మీద జరగాల్సిన చర్చ కూడా ఆగిపోయింది. జూనియర్‌ను తీసుకోవడం సీనియర్ దయగానే మిగిలింది. దయకు కులం ఉంటుందని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

2011 నుంచి అఖిల భారత బార్ పరీక్ష నడుస్తున్నది. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. పరీక్ష మీద మాకు ఫిర్యాదులు ఉన్నాయి గానీ, ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అది ఇంటిపేరు అడగదు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి వేరు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్ళు నిజంగా చేశాడని కోర్టు ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా పదేళ్ళ అనుభవమున్న అడ్వకేటు ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఆ అధికారి సంతకం ఉండాలి. హాస్టల్ గదిలో చదివి నేరుగా జడ్జి కొలువు కొట్టే దారి ఒకటి మన పిల్లలకు ఉండేది. ఇప్పుడు ఆ దారి కూడా ఎవరో ఒకరి ఆఫీసు ముందు నుంచే పోతున్నది.

ఏడేళ్ళ లెక్క

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనం. ఉమ్మడి రాష్ట్రంలోనే సాంఘిక సంక్షేమ శాఖ ఎస్సీ లా గ్రాడ్యుయేట్లకు మూడేళ్ళ శిక్షణ పథకం పెట్టింది. తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖ దాన్ని కొనసాగించింది. ఎంపికైనవాళ్ళను గవర్నమెంట్ ప్లీడరు దగ్గరో పబ్లిక్ ప్రాసిక్యూటరు దగ్గరో పెడతారు, నెలకింత స్టైపెండ్ ఇస్తారు. సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ లా కాలేజీలో చదివి ఊరికి తిరిగి పోలేని పిల్లలకు ఇది ఆసరా అయింది. కాదనలేం. కానీ జి.పి. ఆఫీసుకు వచ్చే ఫైలు ఏమిటి? భూసేకరణ, అసైన్డ్ భూములు, రెవెన్యూ గొడవలు. పి.పి. దగ్గర ఉన్నవి క్రిమినల్ కేసులు. అక్కడ మూడేళ్ళు కూర్చున్నవాడికి సాక్షిని ప్రశ్నించడం వస్తుంది, భూమి రికార్డు చదవడం వస్తుంది. భాగస్వామ్య ఒప్పందం మాత్రం కంటబడదు. మూడేళ్ళు అయిపోయి స్టైపెండ్ ఆగిన మర్నాడు అతని దగ్గరికి వచ్చే పార్టీ ఎవరు? వాడలోని మనిషే. అతని దగ్గర ఫీజు లేదు. ఇతని దగ్గర ఆఫీసు అద్దె లేదు.

ఇక్కడే అట్రాసిటీ కేసులకూ కమర్షియల్ ఫైళ్ళకూ ముడి ఉంది. చాలామంది ఈ రెంటినీ వేరువేరుగా చూస్తారు. 1989 అట్రాసిటీ చట్టం 15వ సెక్షన్ కింద స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమించే అడ్వకేటుకు కనీసం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. జిల్లా జడ్జిగా బార్ నుంచి నేరుగా పోవాలన్నా రాజ్యాంగం 233వ అధికరణం అడిగేది ఏడేళ్ళే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. బాధితులు తమ ఊళ్ళోనే కోర్టు కావాలని, తమకు నమ్మకమున్న ప్రాసిక్యూటర్ కావాలని ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అట్లాంటి కేసు పదహారేళ్ళు మోయాలంటే వకీలు అన్నాళ్ళు వృత్తిలో బతికి ఉండాలి. కారంచేడు తర్వాత బొజ్జా తారకం హైకోర్టులో గవర్నమెంట్ ప్లీడరు పదవిని వదిలేశారు. వదిలేసి కూడా నిలబడగలిగారు. నెల గడవని జూనియర్‌ను అట్లా నిలబడమని అడిగే హక్కు మనకుందా? ఉద్యమ కేసులు మోసే వకీళ్ళను డబ్బొచ్చే కేసులే పోషించాలి. ఇది మాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి.

ఎనుమాముల పాఠం

వరంగల్‌లో కమర్షియల్ లా అంటే అద్దాల మేడ అవసరం లేదు. ఎనుమాముల మార్కెట్‌కు పోతే అంతా అక్కడే ఉంది. పత్తి, మిర్చి బస్తాలు, ఆడ్తిదారు, కాంటా, తరుగు, ఉద్దెర, మిత్తి, చెక్కు. బస్తా మోసే హమాలీ కొడుక్కి ధర పొద్దున ఎంత పలికి మధ్యాహ్నానికి ఎట్లా పడిపోతుందో తెలుసు. ఇంగ్లండు కంపెనీలు ట్రెయినింగ్ కాంట్రాక్టు కోసం వచ్చే పిల్లల్లో వెతికే వ్యాపార అవగాహన అనేది ఇదే. మన వాడల్లో అది తరతరాలుగా ఉంది. బాకీదారు వైపు నుంచి ఉంది, జామీను పడ్డవాడి వైపు నుంచి ఉంది. కాగితం రాసే వైపు నుంచే లేదు.

ఇప్పుడు ఆ వైపు అవసరం కూడా పెరిగింది. 2014లో టీ-ప్రైడ్ పేరుతో దళిత పారిశ్రామికులకు రాయితీలు వచ్చాయి. 2021 ఆగస్టులో హుజూరాబాద్ నియోజకవర్గంలో దళితబంధు మొదలై కుటుంబానికి 10 లక్షల చొప్పున యూనిట్లు ఇచ్చారు; మన హన్మకొండ జిల్లా కమలాపూర్ మండలం ఆ నియోజకవర్గంలోదే. ట్రాక్టరో, కారో, డెయిరీయో, దుకాణమో చేతికొచ్చినోళ్ళకు బీమా కంపెనీతో, డీలర్‌తో, భాగస్తుడితో తగాదాలు రాకుండా ఉంటాయా? చిన్న పరిశ్రమకు సరుకు తీసుకున్నవాడు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని, కట్టకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవచ్చని 2006 చట్టంలో ఉంది. ఈ సంగతి తెలిసిన మనవాళ్ళు ఎంతమంది? తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక చిన్న పుస్తకం రాశారు. ఎంతోమందికి పనికొచ్చిన పుస్తకం. 'చెక్కు వాపసు వస్తే' అని అంతే చిన్న పుస్తకం మనలో ఎవరో ఒకరు రాయాల్సి ఉంది.

దరఖాస్తు పెట్టుకునేవాళ్ళకు

విద్యార్థి మిత్రులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పెద్ద బోర్డు చూసి ఆఫీసు ఎంచుకోవద్దు. చివరి సంవత్సరంలో ఉండగానే నెల రోజులు సివిల్ కోర్టుల్లో వెనక బెంచీ మీద కూర్చోండి. రోజూ కాజ్ లిస్టు చూడండి. డబ్బు దావాలు, ఇ.పి.లు, సెక్షన్ 138 కేసులు ఎవరి పేరు మీద ఎక్కువ నడుస్తున్నాయో నోటుబుక్కులో రాసుకోండి. ఎవరు కాగితాలు శ్రద్ధగా రాస్తున్నారు, ఎవరు ఊరికే వాయిదాలు అడుగుతున్నారు, ఎవరు జూనియర్‌ను నిలబడి మాట్లాడనిస్తున్నారు, ఇవన్నీ వెనక బెంచీ నుంచే బాగా కనబడతాయి. గుమాస్తాలతో స్నేహం చేయండి. ఏ ఆఫీసులో జూనియర్ వెళ్ళిపోయాడో మొదట తెలిసేది గుమాస్తాకే.

అప్పుడు ఒక పేజీ ఉత్తరం రాసుకుని పోండి. 'మీ దగ్గర పని నేర్చుకోవాలని ఉంది' అని రాస్తే సరిపోదు, అందరూ అదే రాస్తారు. ఈ నెలలో మీ ఫలానా దావాలో ఈ పాయింటు విన్నాను, నాకు ఈ సందేహం వచ్చింది అని రాయండి. కమర్షియల్ సైడ్ ఎందుకు అని అడిగితే ఇంటి సంగతే చెప్పండి. దుఃఖంగా చెప్పనక్కర్లేదు. లెక్కగా చెప్పండి. మా నాయిన చిట్టీకి జామీను పడితే ఏమైంది, నోటీసు ఎప్పుడొచ్చింది, జవాబు ఎందుకు ఇవ్వలేకపోయాం, ఇస్తే ఏమై ఉండేది. దాన్ని ఇట్లా చెప్పగలిగినవాడు సగం వకీలు. కులం దాచుకొమ్మని మేము ఎవరికీ చెప్పం. దాచుకున్నా మూడు ప్రశ్నల్లో బయటికి లాగుతారు, పైగా దాచుకున్న బరువు మీ మీదే ఉంటుంది.

చేతిలో కొంత పని పెట్టుకుని పోవాలి. చెక్కు వాపసు వచ్చినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందినంక చెల్లించడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా రావాలి. 2015 కమర్షియల్ కోర్టుల చట్టాన్ని 2018లో సవరించి తగాదా విలువను కోటి నుంచి 3 లక్షలకు దించారు. అత్యవసర ఉపశమనం అడగని దావాకు 12-ఎ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి పోవాల్సిందే. ఈ మార్పులు చాలా పాత ఆఫీసులకు ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. కొత్త చట్టం దగ్గర సీనియర్, జూనియర్ తేడా తక్కువ. ప్రవేశించడానికి అనువైన సందు అది.

హైదరాబాద్, బెంగళూరు లా ఫర్మ్‌ల సంగతి వేరే. వాళ్ళు ఎక్కువగా జాతీయ లా కాలేజీల నుంచి, ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళ నుంచి తీసుకుంటారు. డిగ్రీ చేతికొచ్చాక పోతే అప్పటికే ఆలస్యం. మూడేళ్ళ కోర్సు వాళ్ళు మొదటి సంవత్సరం నుంచే, ఐదేళ్ళ వాళ్ళు మూడో సంవత్సరం నుంచే ఇంటర్న్‌షిప్‌కు రాయడం మొదలుపెట్టాలి. పది చోట్ల రాస్తే ఒక్క జవాబు వస్తుంది. ఇంగ్లీషు భయం గురించి అడుగుతారు. ఒప్పందాల ఇంగ్లీషు మాట్లాడే ఇంగ్లీషు కాదు, అది వేరే భాష, అగ్రకులాల పిల్లలు కూడా కొత్తగా నేర్చుకునేదే. రోజుకు ఒక క్లాజు చేత్తో రాసి తెలుగులో అర్థం రాసుకుంటే ఏడాదిలో లొంగుతుంది.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకు నమోదు ఫీజు 125 రూపాయలు, మిగతావాళ్ళకు 750. రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేశాయి. ఒడిశాలో అది 40 వేలు దాటింది. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దన్నది. అణగారిన వర్గాలను వృత్తిలోకి రాకుండా ఆ వసూళ్ళు అడ్డుకుంటున్నాయని కూడా ఆ తీర్పు గుర్తించింది. ఎవరైనా ఎక్కువ అడిగితే రసీదు అడగండి. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. అదాలత్‌లో ఆ అంకె చెప్తే నవ్వుతారు. నవ్వనీయండి. నెలకు ఎంత ఇస్తారని మొదటి రోజే అడగడం తప్పు కాదు. జి.పి. దగ్గర శిక్షణ పథకంలో ఉన్నవాళ్ళు, సాయంత్రం పూట ఏదైనా సివిల్ ఆఫీసులో కాగితాలు రాసే పని చూసుకోవడానికి జి.పి. గారి అనుమతి ముందే తీసుకోండి.

మన సీనియర్లతో కూడా ఒక మాట ఉంది. ఎదిగిన దళిత వకీళ్ళు కొందరు తమ జూనియర్లను గుమాస్తాల్లాగా వాడుకుంటున్నారని వింటున్నాం. బ్యాంకు ప్యానెల్ దొరికినవాళ్ళు ఆ ఫైళ్ళను జూనియర్ చేతికి ఇవ్వడం లేదు. ఇది బయటివాళ్ళ ముందు మాట్లాడే విషయం కాదని మాకు సలహా ఇచ్చారు. మేము అట్లా అనుకోవడం లేదు.

చివరగా వకాలత్‌నామా గురించి. ఆఫీసులో చేరిన నాడే అడగాల్సింది ఇది. మీరు కాగితం తయారుచేసిన ప్రతి కేసులో సీనియర్ పేరు కింద మీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సంతకం వకాలత్‌నామా మీద ఉండాలి. వాయిదాకు మీరు హాజరైతే ఆ రోజు ఆర్డరులో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కకపోతే అప్పుడే బెంచి క్లర్కుకు చెప్పి రాయించండి. కాపీలు ఇంట్లో ఒక కట్ట కట్టి పెట్టుకోండి. మూడేళ్ళకు సర్టిఫికెట్ అడిగినా, ఏడేళ్ళకు స్పెషల్ పి.పి. దరఖాస్తు పెట్టినా, బ్యాంకు ప్యానెల్‌కు రాసినా అడిగేది ఆ కట్టనే. సీనియర్ జ్ఞాపకశక్తిని అడగరు.